పేరుకు ‘ఇన్‌స్పెక్టరు’... చేసేది నిలువుకాళ్ల కొలువు

బట్టల ఫ్యాక్టరీల్లో నాణ్యత తనిఖీ పని ఏమిటి? చేతికొచ్చేది ఎంత?

జమ్మికుంట: ‘క్వాలిటీ ఇన్‌స్పెక్టరు’ కొలువు అనగానే పల్లెల్లో ఆ మాటకు వుండే గౌరవమే వేరు. జీపు, టోపీ లేకపోయినా కుర్చీ, ఫ్యాను, చేతిలో పెన్ను తప్పక వుంటాయనుకుంటారు. అయితే రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీల్లో ఈ పేరుతో ఇచ్చే పని చాలావరకు అలాంటిది కాదు. ట్యూబులైటు వెలుగులో బల్ల ముందు రోజంతా నిలబడి, ఒకటి తర్వాత ఒకటిగా వచ్చే షర్టులను, ప్యాంట్లను తిరగేసి మరగేసి చూసి, తప్పులు పట్టుకోవడమే ఆ పని. ఫ్యాక్టరీలో అందరూ వాడే పేరు ‘చెకరు’.

కరీంనగర్ జిల్లా పల్లెల నుంచి బతుకుదెరువు కోసం హైదరాబాదు, సూరత్, భివాండీ పోవడం కొత్త సంగతి కాదు. గల్ఫ్ దేశాలకు పోయినవారూ ఎందరో వున్నారు. పదో తరగతి, ఇంటర్ చదివి, పొలం పని చేయలేక, పెద్ద కొలువు దొరకక వున్న యువతీ యువకులకు బట్టల ఫ్యాక్టరీ ఒక దారిగా కనిపిస్తున్నది. కుట్టుపని రాకపోయినా చేరవచ్చుననే మాట వల్ల చెకరు కొలువుపై ఆశ మరింత ఎక్కువ. దూరపు కొండలు నునుపు అన్నట్టు కాకుండా, ఈ పనిలో బాధ్యత ఎంతో, జీతం ఎంతో ముందుగా తెలుసుకోవడం మంచిది.

పత్తి యార్డులో చూసిందే

నాణ్యత తనిఖీ అంటే జమ్మికుంట రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. తెలంగాణలో వరంగల్ ఏనుమాముల తర్వాత పేరున్న పత్తి మార్కెట్టు జమ్మికుంటదే. బండి యార్డులోకి రాగానే కొనేవాడు పత్తిలోకి చెయ్యి లోతుగా పెట్టి గుప్పెడు తీస్తాడు. రంగు చూస్తాడు, పింజ లాగి పొడవు చూస్తాడు, చెత్త ఎంతో అంచనా వేస్తాడు. కాటన్ కార్పొరేషన్ కేంద్రంలో అయితే తేమ మీటరు పెడతారు. తేమ 8 శాతం లోపు వుంటే పూర్తి మద్దతు ధర. ఆపైన 12 శాతం దాకా శాతానికి శాతం చొప్పున కోత. 12 దాటితే పత్తి వెనక్కే. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే తేమ ఒక్క శాతం పెరిగితే క్వింటాలుకు 81 రూపాయలు పోయినట్టే.

ఆ పత్తి గింజ వీడి బేలుగా, నూలుగా, గుడ్డగా మారి, చివరికి షర్టుగా కుట్టబడేదాకా ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు ఇలాగే చెయ్యి పెట్టి చూస్తూనే వుంటారు. యార్డులో ఆ చూపు రైతు గుండె దడదడలాడిస్తుంది. ఫ్యాక్టరీలో అదే పరిస్థితి మిషను మీద కుట్టే మనిషిది. అక్కడ చెయ్యి పెట్టి చూసేది చెకరు. తేడా ఒక్కటే: యార్డులో చూసేవాడు కొనేవాడి మనిషి. ఫ్యాక్టరీలో చూసే చెకరు కూడా కుట్టేవారిలాగే జీతగాడు.

తనిఖీలో ఎన్ని రకాలు

గుడ్డ ఫ్యాక్టరీకి రాగానే మొదటి తనిఖీ జరుగుతుంది. వాలుగా వున్న వెలుతురు బల్ల మీద తాను తిరుగుతూ వుంటే చెకరు కళ్లార్పకుండా చూడాలి. తప్పులకు మార్కులు వేస్తారు. మూడు అంగుళాల లోపు తప్పుకు 1, ఆరు అంగుళాల దాకా 2, తొమ్మిది దాకా 3, అంతకు మించితే 4. దీన్ని ‘ఫోర్ పాయింట్’ పద్ధతి అంటారు. సాధారణంగా నూరు చదరపు గజాలకు మార్కులు 40 దాటితే ఆ తాను పనికిరాదని పక్కన పెడతారు.

రెండో రకం ‘ఇన్‌లైన్’ చెకరు. ఒక షర్టును ఒక్కరే కుట్టరు. కాలరు ఒకరు, జేబు ఒకరు, చెయ్యి ఒకరు చొప్పున వరుసగా కుట్టుకుంటూ పోతారు. ఆ వరుస మధ్యలో తిరుగుతూ ఒక్కొక్క మిషను దగ్గర నాలుగైదు ముక్కలు తీసి చూసి, తప్పు మొదట్లోనే ఆపడం ఈ చెకరు పని. మూడో రకం ‘ఎండ్‌లైన్’ చెకరు. వరుస చివర బల్ల వేసుకుని, పూర్తయిన ప్రతి షర్టునూ చూస్తారు. కొత్తగా చేరేవారిలో ఎక్కువమందిని నిలబెట్టేది ఈ బల్ల దగ్గరే. నాలుగో రకం ఇస్త్రీ, ప్యాకింగు దగ్గర జరిగే చివరి తనిఖీ.

వీరందరి పైన మరొకరు వుంటారు. వారు బట్టలు కొనే విదేశీ కంపెనీ తరఫునో, తనిఖీలు మాత్రమే చేసే సంస్థ తరఫునో వస్తారు. నిజానికి ‘ఇన్‌స్పెక్టరు’ అన్న మాట వారికే బాగా అతుకుతుంది. ఒకప్పుడు 1963 చట్టంతో ఏర్పడిన టెక్స్‌టైల్స్ కమిటీ ఎగుమతి బట్టలను తనిఖీ చేసేది. తర్వాతి కాలంలో ఆ పెత్తనం కొనేవారి చేతికే వెళ్లింది. ఈ పై మెట్టు కొలువుకు టెక్స్‌టైల్ డిప్లొమా లేదా డిగ్రీ, ఇంగ్లీషులో రిపోర్టు రాయగల శక్తి, కొన్నేళ్ల అనుభవం కావాలి. ఊరి నుంచి నేరుగా పోయినవారికి ఇది దొరకదు. అదే పేరు చెప్పి ఎవరైనా ఆశ పెడితే అనుమానించవలసిందే.

షర్టుకు నిమిషంన్నర

ఎండ్‌లైన్ బల్ల దగ్గర పని వేగం ఎట్లా వుంటుందో ఒక లెక్క చూద్దాం. ఒక వరుస గంటకు 80 షర్టులు ఇస్తుందనుకుంటే, ఇద్దరు చెకర్లు వుంటే ఒక్కొక్కరికి 40. అంటే షర్టుకు తొంభై సెకన్లు. ఆ నిమిషంన్నరలో కాలరు రెండు కొసలు సమంగా వున్నాయా, భుజం కుట్టు వంకర పోయిందా, గుండీ కాజాకు ఎదురుగా వుందా, కుట్టు తప్పిందా, నూనె మరక పడిందా, రెండు ముక్కల రంగు కలిసిందా అని వరుసగా చూడాలి. తర్వాత షర్టును లోపలి వైపు తిప్పి మళ్లీ చూడాలి. కొన్నింటిని టేపుతో కొలిచి కాగితం మీది కొలతతో సరిచూడాలి. తప్పున్న చోట బాణం గుర్తు స్టిక్కరు అంటించి, పుస్తకంలో రాసి, కుట్టినవారికి తిప్పి పంపాలి.

ఇన్ని పనుల్లో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమయ్యేది సూది విషయంలో. మిషను మీద సూది విరిగితే దాని ముక్కలన్నీ వెతికి, కాగితానికి అంటించి, రిజిస్టరులో రాసిన తర్వాతనే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క దొరకకపోయినా చుట్టుపక్కల బట్టలన్నీ పక్కన పెడతారు. పసిపిల్లల బట్టలో సూది ముక్క వుండిపోతే ఏమవుతుందో ఏ తల్లికీ వేరే చెప్పనక్కరలేదు. అందుకే చివర్లో బట్టలను లోహాన్ని పసిగట్టే యంత్రం గుండా కూడా పంపుతారు.

రోజంతా నిలబడడం వల్ల కాళ్లు, నడుము నొప్పి, తదేకంగా చూడడం వల్ల కళ్ల మంట, దూది దుమ్ము వల్ల దగ్గు ఈ పనివారిలో సాధారణం. నల్లగుడ్డ, ముదురు నీలం గుడ్డ వచ్చిన రోజు కళ్లకు మరీ కష్టం.

మూడు వేల షర్టులకు ఏడు తప్పులు

సరుకు పెట్టెల్లో సర్దిన తర్వాత కొనేవారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. అన్ని షర్టులూ చూడడు. యార్డులో బోరెంలో నుంచి గుప్పెడు తీసినట్టే కొన్నింటిని తీస్తాడు. ఎన్ని తీయాలి, ఎన్ని తప్పులు ఓర్చుకోవచ్చు అనేదానికి అంతర్జాతీయంగా ఒక పట్టిక వుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం సరుకు కొనడానికి వాడిన పద్ధతి నుంచి ఇది పుట్టింది. దీని పేరు ‘ఏక్యూఎల్’. ఎక్కువగా వాడే 2.5 మెట్టులో, మూడు వేల షర్టుల సరుకుకు 125 షర్టులు తీసి చూస్తారు. అందులో పెద్ద తప్పులు ఏడు దాకా వుంటే పాస్. ఎనిమిదోది దొరికితే సరుకంతా ఫెయిల్. సూది ముక్కలాంటి ప్రమాదకరమైన తప్పు ఒక్కటి వున్నా ఫెయిలే.

ఫెయిల్ అయిందంటే లారీ ఆగుతుంది. మూడు వేల షర్టులూ పెట్టెల్లో నుంచి తీసి మళ్లీ చూడాలి. ఓడ తప్పిపోతే విమానంలో పంపవలసి వస్తుంది. ఆ ఖర్చు లక్షల మీద వుంటుంది. అప్పుడు యాజమాన్యం మొదట అడిగే ప్రశ్న: “దీన్ని పాస్ చేసిన చెకరు ఎవరు?” చాలా ఫ్యాక్టరీల్లో ఒక్కొక్క చెకరుకు నంబరు వుంటుంది. ఆ నంబరు పట్టుకుని బల్ల దగ్గరికి వస్తారు.

మరోవైపు తప్పున్న షర్టులన్నీ తిప్పి పంపితే వరుసలో పని ఆగిపోతుంది. గంట టార్గెటు పడిపోయిందని సూపర్‌వైజరు కేకలు వేస్తాడు. “ఇంత చిన్నదానికి తిప్పి పంపకు అక్కా” అని కుట్టేవారు బతిమాలుతారు. తిప్పి పంపితే తోటివారికి కోపం. పంపకపోతే తన మెడకే చుట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టుండే ఈ స్థితే చెకరు కొలువులో అసలు కష్టం. పని నేర్చుకోవడం నెల రోజుల్లో అయిపోతుంది. రెండు వైపుల ఒత్తిడి మధ్య నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పడం మాత్రం ఏళ్లు గడిచినా తేలిక కాదు.

జీతం లెక్క

ఇంత బాధ్యత మోసే చెకరుకు, మిషను మీద కుట్టే టైలరుకు జీతంలో తేడా సాధారణంగా తక్కువే. ఆయా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనం చుట్టూనే ఇద్దరి జీతాలూ తిరుగుతాయి. ఆ వేతనం ఊరిని బట్టి, పనివారిని వేసే తరగతిని బట్టి మారుతుంది. అందుచేత చేరేముందు ‘నన్ను ఏ తరగతిలో వేశారు?’ అని అడగాలి.

లెక్క సులువుగా వుండడానికి నెల జీతం 13,000 రూపాయలు అనుకుందాం. అందులో ప్రావిడెంటు ఫండుకు 12 శాతం, అంటే 1,560 పోతుంది. ఇ.ఎస్.ఐ.కి ముప్పాతిక శాతం, అంటే 98 రూపాయలు. చేతికి వచ్చేది 11,342. గది అద్దెలో వాటా 2,500, తిండికి 3,500, బస్సు, ఫోను, సబ్బులకు 1,000 వేసుకుంటే ఖర్చు 7,000. ఇంటికి పంపగలిగేది 4,342. ఇందులో నుంచే జ్వరం వచ్చినా, పండుగకు ఊరికి వచ్చినా ఖర్చు పెట్టుకోవాలి. బ్రోకరు చెప్పే అంకెకు, ఇంటికి చేరే అంకెకు మధ్య ఇంత దూరం వుంది.

అయితే కోత పడిన సొమ్మంతా పోయినట్టు కాదు. ప్రావిడెంటు ఫండుకు యాజమాన్యం కూడా అంతే సొమ్ము కట్టాలి. అందులో కొంత పింఛను ఖాతాకు పోతుంది. ఇ.ఎస్.ఐ. కార్డుతో పనివారికి, కుటుంబానికి వైద్యం అందుతుంది. జీతం 21,000 దాకా వున్నవారికి ఇది వర్తిస్తుంది. ఏడాదికి కనీసం 8.33 శాతం బోనసు, అంటే దాదాపు ఒక నెల జీతం రావాలి. గ్రాట్యుయిటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున కడతారు. 13,000 జీతానికి అది 7,500. అయిదేళ్లు చేస్తే 37,500. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది చేసినా గ్రాట్యుయిటీ ఇవ్వాలని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్లు చెబుతున్నాయి.

ఓవర్‌టైము విషయంలోనే ఎక్కువమంది నష్టపోతుంటారు. వారానికి 48 గంటలు మించి చేసిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలని పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ వుంది, కొత్త కోడ్లలోనూ వుంది. 13,000 జీతానికి రోజు కూలి 500, గంటకు 62 రూపాయల 50 పైసలు. ఓవర్‌టైముకు గంటకు 125 రావాలి. నెలలో ఇరవై గంటలు ఎక్కువ చేస్తే 2,500. ఒంటి రేటే కట్టి ఇస్తే 1,250 పోయినట్టు. సరుకు ఫెయిలైన రాత్రి మళ్లీ తనిఖీకి చెకర్లనే ఆపుతారు గనుక ఈ లెక్క వారికి మరీ ముఖ్యం.

చెడ్డ షర్టు పాస్ చేశావని జీతంలో ఇష్టం వచ్చినట్టు కోయడం చెల్లదు. జరిమానా నెల జీతంలో 3 శాతం మించరాదు. 13,000 మీద అది 390 రూపాయలు. ముందుగా పనివారి సంజాయిషీ వినాలి. ఇది చట్టంలో వున్న మాట.

బెంగుళూరు నేర్పిన పాఠం

దేశంలో రెడీమేడ్ దుస్తుల ఎగుమతికి పెద్ద కేంద్రాల్లో బెంగుళూరు ఒకటి. పీణ్య, మైసూరు రోడ్డు, బొమ్మనహళ్లి ప్రాంతాల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలు. కన్నడ పల్లెలతోబాటు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పోయిన తెలుగువారూ అందులో వున్నారు.

2016 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. ప్రావిడెంటు ఫండులో యాజమాన్యం వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోరాదన్నది దాని సారాంశం. ముప్పై, నలభై ఏళ్లకే ఒళ్లు సహకరించక పని మానే ఈ స్త్రీలకు ఆ సొమ్మే ఆధారం. పిల్ల పెళ్లికి, ఇంటి కప్పుకు అదే దిక్కు. ఆ ఏడాది ఏప్రిల్ 18న వేలాది మంది ఫ్యాక్టరీలు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. నగరం స్తంభించింది. మర్నాడు కూడా ఆందోళన సాగింది. బస్సులకు నిప్పు, పోలీసు లాఠీ కూడా తప్పలేదు. 19వ తేదీనే కేంద్రం ఆ నిబంధనను వెనక్కు తీసుకుంది. నెలనెలా కోత పడే ఆ చిన్న మొత్తం పనివారికి ఎంత విలువైనదో దేశమంతటికీ ఆ రెండు రోజుల్లో తెలిసింది.

ఈ కొలువుకు మరో బెడద ఎక్కడో దూరదేశం నుంచి వస్తుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతి ఫ్యాక్టరీల ఆర్డర్లు దెబ్బతిన్నాయి. ఆర్డరు తగ్గితే ఓవర్‌టైము ముందు పోతుంది, తర్వాత కొత్తగా చేరినవారి పని పోతుంది.

దగ్గరలో దారులు

కొలువు కోసం బెంగుళూరు దాకా పోవలసిన అవసరం అందరికీ లేదు. మరమగ్గాల సిరిసిల్లలో పెద్దూరు దగ్గర అప్పారెల్ పార్కు వెలిసింది. వరంగల్ వైపు గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడే కొరియాకు చెందిన యంగ్‌వన్ సంస్థ దుస్తుల ఫ్యాక్టరీలకు 2023 జూన్‌లో పునాది పడింది. జమ్మికుంట నుంచి కాజీపేట రైలు మార్గం వుండనే వుంది. జీతం కొంత తక్కువైనా గది అద్దె మిగిలితే ఇంటికి చేరే సొమ్ము ఎక్కువే కావచ్చు. పై లెక్కను ఇంట్లో కూర్చుని ఎవరికి వారు వేసి చూసుకోవచ్చు.

నాణ్యత చూసే మనిషి విలువ ఏమిటో ఈ ప్రాంతం ఒకసారి కళ్లారా చూసింది. 2017 సెప్టెంబరులో మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు, వేళ చాలక కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. చీరలు నాసిగా వున్నాయని కొన్ని ఊళ్లలో ఆడపడుచులు వాటిని తగులబెట్టారు. సరుకు దాటకముందు చూడవలసిన చోట చూడకపోతే చివరికి కట్టుకునేవారే ఇన్‌స్పెక్టర్లవుతారని ఆ సంఘటన చాటింది.

బయలుదేరే ముందు

చెకరు పనికి ప్రభుత్వ గుర్తింపు వున్న శిక్షణ కోర్సులు వున్నాయి. గ్రామీణ యువతకు ఉచితంగా నేర్పే దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014 నుంచి నడిచింది. గ్రామీణాభివృద్ధి కార్యాలయంలో, మహిళా సంఘాల ద్వారా ఇలాంటి శిక్షణల వివరాలు అడగవచ్చు. టేపు పట్టడం, అంగుళాలు, సెంటీమీటర్ల లెక్క, కొలతల కాగితం మీది ఇంగ్లీషు మాటలు నేర్చుకుని పోయినవారు బల్ల దగ్గర నుంచి పై మెట్టుకు త్వరగా ఎక్కుతారు. అవి రానివారు పదేళ్లయినా అదే బల్ల దగ్గర వుండిపోతారు.

చేరినవారు నియామక పత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. కొత్త కోడ్ల ప్రకారం అది ప్రతి ఉద్యోగికీ ఇవ్వవలసిందే. ప్రావిడెంటు ఫండు నంబరు, ఇ.ఎస్.ఐ. నంబరు మొదటి నెలలోనే అడిగి, సొమ్ము జమ అవుతున్నదో లేదో ఫోనులో చూసుకోవాలి. మరుసటి నెల 7వ తేదీలోగా జీతం, దానితోబాటు జీతం చీటీ రావాలి. ఆడపిల్లలను పంపేవారు హాస్టలు ఎక్కడ, ఫిర్యాదులు వినే కమిటీ వున్నదా అని విచారించాలి. మూడేళ్లు చేస్తే చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామనే మాట నమ్మరాదు. తమిళనాడు నూలు మిల్లుల్లో ‘సుమంగళి’ పేరుతో ఇలా చేరిన ఎందరో ఆడపిల్లలు గడువు నిండకముందే జబ్బుపడి, ఆ సొమ్ము అందక ఇళ్లకు తిరిగి వచ్చారు. కొలువు ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగే బ్రోకరును గడప తొక్కనివ్వకపోవడమే మేలు.

ఉపాధి కల్పనాధికారులు, కార్మిక శాఖ వారు మండల కేంద్రాల్లో ఈ వివరాలన్నీ తెలుగులో బోర్డు మీద పెట్టవలసిన అవసరం ఎంతైనా వుంది. పత్తికి తేమ ఎంతో, ధర ఎంతో యార్డులో బోర్డు మీద రాసినట్టే, ఆ పత్తితో కుట్టిన బట్టను చూసే మనిషి జీతం ఎంతో, కోత ఎంతో కూడా పల్లెలో అందరికీ కనబడాలి.